నాలుగో చుక్క

గూడ్సు గార్డు జగన్నాథం ఆ రోజు కట్ని లైను నుంచి బొగ్గు బండి తెచ్చి, బిలాస్‌పూర్ యార్డులో అప్పగించి, సైన్ ఆఫ్ చేసి బయటికొచ్చేసరికి ఉదయం తొమ్మిదయింది. పద్నాలుగు గంటల డ్యూటీ. కళ్లలో బొగ్గు నలుసులు, ఒంట్లో డిసెంబరు చలి. ఇంటికెళ్లి వేడినీళ్లు పోసుకుని ముసుగుతన్ని పడుకోవడం తప్ప ఆయనకి ఈ లోకంలో ఇంకే కోరికా లేదు. గేటు దగ్గర పాత స్నేహితుడు సూర్యం కొడుకు జయప్రకాష్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ముఖం చూడగానే సంగతి తెలిసిపోయింది.

"బాబాయ్, నాన్న పోయినాడు. పొద్దున్న నాలుగింటికి."

జగన్నాథం ఒక భుజాన ఉన్న సంచీని రెండో భుజానికి మార్చుకున్నాడు. సూర్యం ఊపిరితిత్తుల జబ్బుతో ఆరు నెలలుగా మంచంలో ఉన్నాడు. పోతాడని అందరికీ తెలుసు. తెలిసి ఉండడం వేరు, గేటు దగ్గర నిలబడి వినడం వేరు.

"అమ్మ మిమ్మల్ని జల్దీ తీసుకురమ్మన్నాది. నాన్నది ఒక పెట్టె ఉన్నాది. అందులో ఏదో లాల్ కపడా, ఒక రిజిస్టరు. అంతా తెలుగులో రాసినాడు, నాకు పఢ్‌నా రాదు కదా. మా దేశం జెండా కప్పండి, జగన్నాథానికి తెలుసు అన్నాడట నాన్న." కుర్రాడు తడబడుతూ అడిగాడు. "ఏ దేశం బాబాయ్? కౌన్‌సా దేశ్?"

జగన్నాథానికి చలి ఇంకాస్త ఎక్కువైనట్టు అనిపించింది. ఆ దేశం మాట విని పదిహేడేళ్లు దాటింది.

"నడు. నడుస్తూ చెప్తాను," అన్నాడు. కానీ తార్‌బహార్ పేటలో ఉన్న సూర్యం ఇంటి దాకా నడిచినంతసేపూ ఒక్క ముక్కా చెప్పలేదు.

ఆ దేశం పేరు శ్రమనాడు. ఏ పటంలోనూ వెతకక్కర్లేదు, దొరకదు. డెబ్భై నాలుగు మే నెలలో, దేశంలో రైళ్లన్నీ నిలిచిపోయిన సమ్మెలో, అరెస్టులకి భయపడి బిలాస్‌పూర్ తెలుగువాళ్లు నలుగురు దగ్గరి కోటా ఊరి అవతల సాల్ చెట్ల అడవిలో, ఒక పాడుబడ్డ గుడిసెలో తలదాచుకున్నారు. యార్డులో బండ్లకి పట్టాలు మార్చే కాంటావాలా సూర్యం, గార్డు జగన్నాథం, పట్టాలు బాగుచేసే గ్యాంగులో అమ్మన్న, స్టోర్సు గుమాస్తా సుబ్బరామయ్య. పగలు బయటికి రాకూడదు. పేకముక్కలు లేవు. బీడీలు రెండో రోజుకే అయిపోయాయి. నలుగురు మగవాళ్లు ఒకచోట ఊరికే కూర్చుంటే ఏం చేస్తారు? దేశాన్ని బాగుచేస్తారు. వీళ్లు ఒక మెట్టు పైకెళ్లి కొత్త దేశమే కట్టేశారు.

పేరు సుబ్బరామయ్య పెట్టాడు. పనిచేసేవాళ్లదే రాజ్యం, దొరలు లేరు, నౌకర్లు లేరు. జెండా ఎర్రగా ఉండాలన్న దగ్గర పేచీ రాలేదు. జెండా మీద గుర్తు దగ్గర మాత్రం రెండు రోజులు కొట్టుకున్నారు. సుబ్బరామయ్య చక్రం పెడదామన్నాడు. "చక్రం ఇంజనుదిరా, మనదేటి? మన చేతిలోది దీపం," అన్నాడు సూర్యం. వరికంకి పెట్టకపోతే ఇప్పుడే దేశం విడిచి పోతానని అమ్మన్న బెదిరించాడు. చివరికి మధ్యలో చేతిదీపం, ఒక పక్క వరికంకి, ఇంకో పక్క కాంటా లీవరు ఖాయమయ్యాయి. కింద నాలుగు పసుపు చుక్కలు, నలుగురు పౌరులకి నాలుగు. ఆ చుక్కలు పెట్టించింది జగన్నాథమే. "మనుషులు లేని జెండా ఎందుకురా!" అన్నాడు అప్పట్లో, పెద్ద మొనగాడిలా. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆయన చెవులు వేడెక్కుతాయి.

ఎందుకంటే తొమ్మిదో రోజున బియ్యం అయిపోయాయి. కోటా వెళ్లి తెస్తానని జగన్నాథం లేచాడు. నిజంగా తేవడానికే వెళ్లాడు, తెచ్చేవాడు కూడా. కోటా బజార్లో తెలిసినవాడొకడు కనబడి, డ్యూటీకి రానివాళ్ల ఇళ్లు ఖాళీ చేయిస్తారట, సామాన్లు వీధిలో పడేస్తారట అని ఊదాడు. ఇంట్లో భార్య మంగాయమ్మ ఎనిమిదో నెల కడుపుతో ఉంది. జగన్నాథం కొన్న బియ్యం ఒళ్లో పెట్టుకుని ఒక చెట్టు కింద గంటసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, అడవి వైపు కాదు, బిలాస్‌పూర్ వైపు నడిచాడు. ఆ బియ్యం ఆయన ఇంట్లోనే వండారు.

మర్నాడు ఆయన డ్యూటీలో ఉన్నాడు. సమ్మె మొదలయ్యాక ఆ లైనులో కదిలిన మొదటి ఖాళీ వ్యాగన్ల బండికి పచ్చజెండా ఊపింది ఆ చెయ్యే. కోటా దాటాక అడవి అంచున, నెత్తిన తువ్వాలు వేసుకుని, లైను పక్కన సూర్యం నిలబడి ఉన్నాడు. చిట్టచివరి పెట్టెలో ఉన్న జగన్నాథాన్ని చూశాడు. చెయ్యి ఊపలేదు, తిట్టలేదు, చూశాడంతే. బండి ఆగకుండా వెళ్లిపోయింది.

సమ్మె ముగిసింది. మిగిలిన ముగ్గురి ఉద్యోగాలూ పోయాయి. సూర్యం ఆరేళ్లు తార్‌బహార్‌లో సైకిళ్లు బాగుచేసి బతికాక మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అమ్మన్న సొంతూరు వెళ్లి అక్కడే పోయాడు. సుబ్బరామయ్య రాయగఢ్‌లో కొడుకు దగ్గర పోయాడు, ఆ కబురు నెల తర్వాత గాని అందలేదు. జగన్నాథానికి మాత్రం ఏ లోటూ రాలేదు. కూతురు పుట్టింది, ప్రసూన అని పేరు పెట్టుకున్నాడు, ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. సూర్యం ఎక్కడ కనబడినా "ఏటి గార్డుబాబూ, బాగున్నావా?" అని పలకరించేవాడు, పండగకి ఇంటికి పిలిచేవాడు. శ్రమనాడు పేరు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాలుగు తిట్టి కాలరు పట్టుకున్నా బాగుండేదని జగన్నాథం ఎన్నోసార్లు అనుకున్నాడు. తనంతట తాను అడుగుదామంటే నోరు పెగల్లేదు. ఆ జెండా మీద తన చుక్క ఉంచారా, తీసేశారా? పదిహేడేళ్లుగా ఆయన్ని లోపల తొలుస్తున్నది ఈ ఒక్క ప్రశ్నే.

ఇంటి ముందు నలుగురైదుగురు మగవాళ్లు వెదుళ్లు చీలుస్తున్నారు. లోపల చాప మీద సూర్యం, చిక్కి సగమై, గెడ్డం మాసి, అయినా ఏదో చిలిపి మాట అనబోతున్నట్టే ఉన్నాడు. తల దగ్గర అచ్చియమ్మ కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మనిషి.

"వొచ్చినావా బాబూ," అంది. "మూడు రోజుల కిందట పక్కింటోల టీవీలో సూసినాడు. ఏదో పెద్ద దేశమంట, ఎర్రజెండా దించీసినారంట. ఇంటికొచ్చి నవ్వినాడు. 'మా దేశం జెండా ఇంకా ఎవడూ దించలేదే అచ్చీ' అన్నాడు. అప్పుడే సెప్పినాడు, నాను పోతే అది కప్పండి, జగన్నాథం సదువుతాడు అని."

రేకుపెట్టెలోంచి పాత పేపర్లో చుట్టిన ఎర్రబట్టా, గ్యాంగు హాజరుపట్టీ రిజిస్టరూ తీసి ఇచ్చింది. జగన్నాథం బట్ట మడత విప్పలేదు. పక్కన పెట్టి రిజిస్టరు మాత్రం చేతిలోకి తీసుకున్నాడు.

జయప్రకాష్ ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం అవతలికి లాగాడు. "బాబాయ్, నేను ఆఫీసులో పనిచేస్తున్నాను. లాల్ ఝండా కప్పి ఊళ్లోంచి తీసుకెళ్తే లోగ్ క్యా బోలేంగే, జనం ఏమంటారు? ఏ పార్టీ అని అడుగుతారు, ఏ దేశం అని అడుగుతారు. లేని దేశం అని చెప్తే పిచ్చోడని నవ్వుతారు, పోయినాక కూడా నాన్నని చూసి నవ్వుతారు. మీరు చదివినట్టు చదివి, ఇందులో ఏమీ లేదని చెప్పేయండి. అమ్మకి చదువు రాదు, నాకు తెలుగు రాదు. ఆప్ జో బోలోగే వహీ సహీ, మీ మాటే ఖాయం."

కుర్రాడు అన్నదాంట్లో తప్పు లేదు. ఆ ఇంట్లో ఆ అక్షరాలు చదవగలిగినవాడు జగన్నాథం ఒక్కడే. ఏమీ లేదంటే ఏమీ లేనట్టే. రిజిస్టరు సూర్యంతో పాటు కాలిపోతుంది, అందులో తన గురించి ఏం రాసి ఉన్నా అదీ కాలిపోతుంది. అదృష్టం గుమ్మంలోకి నడిచొచ్చి ఇదిగో తీసుకో అన్నట్టుంది. జగన్నాథం లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ తెరిచాడు. సూర్యం రాత గుండ్రంగా, బడిపిల్లాడి రాతలా ఉంది. ఆయన మొదటి వరస కింద వేలు పెట్టాడు. అబద్ధం ఆడదామనుకున్న నోటితోనే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"శ్రమనాడు జెండా చట్టం. ఒకటి. జెండా ఎరుపు. సిగ్నల్ బట్టతోనే కుట్టాలి. ఆ బట్ట వెలిసిపోతే మార్చి తీరాలని రూలు ఉంది, మిగతా దేశాల జెండాలకి ఆ రూలు లేదు."

వెదుళ్లు చీలుస్తున్నవాళ్లలో ఒకాయన బయటినుంచి చిన్నగా నవ్వాడు. అచ్చియమ్మ పెదాలు కూడా కదిలాయి.

"రెండు. మధ్యలో చేతిదీపం. చీకట్లో నిలబడి పనిచేసేవాడి గుర్తు. ఒక పక్క వరికంకి, ఒక పక్క కాంటా లీవరు. మూడు. ఈ జెండాకి ఎవరూ దండం పెట్టనక్కర్లేదు, సెల్యూట్ కొట్టనక్కర్లేదు. చూసి ఆగితే చాలు. అదే గౌరవం."

పేజీ తిప్పాడు. పైన 'నాలుగు. చుక్కలు' అని కనబడింది. కింద పేజీ నిండా రాసి ఉంది. జగన్నాథం రిజిస్టరు మూసేశాడు.

"ఆపీసినావేటి బాబూ?" అంది అచ్చియమ్మ.

"వదినా." ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇది చదివే ముందు నేను చెప్పాల్సింది ఒకటుంది. ఆ అడవిలోంచి బియ్యం తెస్తానని వెళ్లి నేను తిరిగి రాలేదు. ఆ బియ్యం మా ఇంట్లో వండుకున్నాం. మర్నాడు బండి నడిపించాను. మీ ఆయన ఉద్యోగం పోయింది, నాది నిలబడింది. ఇన్నేళ్లూ ఈ ఇంటికి వచ్చి టీలు తాగి వెళ్లాను గాని ఈ మాట ఒక్కసారీ అనలేదు."

జయప్రకాష్ గుమ్మంలో నిలబడిపోయాడు. నాన్న ఉద్యోగం ఎందుకు పోయిందో వాడికి తెలుసు. బియ్యం సంగతి తెలీదు.

అచ్చియమ్మ భర్త ముఖం మీద వాలబోయిన ఈగని తోలింది. "తెలుసు బాబూ. మూడు రోజులు అడవిలో ఆకులు ఉడకేసుకు తిన్నారంట. మొదట్లో నాకు నీ మీద ఒళ్లు మండేది. నీకు టీ ఇచ్చినప్పుడల్లా మండేది. ఈయన ఊరుకోమనీవోడు. ఆడే అడుగుతాడే, అడిగిన రోజు సూపిస్తాను అనీవోడు. నువ్వు అడగలేదు. మరి ఇప్పుడు సదువు."

జగన్నాథం రిజిస్టరు మళ్లీ తెరిచాడు. కళ్లజోడు మసకబారింది. తుడుచుకుని చదివాడు.

"నాలుగు. చుక్కలు. చుక్కలు నాలుగు. మూడు పసుపు, ఒకటి ఆకుపచ్చ. ఆకుపచ్చది జగన్నాథానిది. అతను బియ్యానికని వెళ్లి డ్యూటీలో చేరాడు. అతని చుక్క తీసెయ్యాలని అమ్మన్న అన్నాడు. సుబ్బరామయ్య సరే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మూడు రోజులు తిండి లేదు, కోపం నాకూ ఉంది. కానీ కడుపుతో ఉన్న పెళ్లాం కోసం పోయినవాడిని వెళ్లగొట్టే దేశమైతే నాకూ అక్కర్లేదు. ఆ చుక్క ఎన్నడూ తీయకూడదు. రంగు మాత్రం మార్చాం."

ఆయన రిజిస్టరు ఒళ్లో పెట్టుకున్నాడు. తల వంచుకుని, పెద్దమనిషి ఏడవకూడదన్న సంగతి మరిచిపోయి ఏడ్చాడు. అచ్చియమ్మ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది.

కాసేపటికి జయప్రకాష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంకా ఉందా బాబాయ్?" అన్నాడు మెల్లగా.

"ఒక్కటే ఉంది. అయిదు. పౌరుడు పోతే జెండా కప్పి తీసుకెళ్లాలి. కాల్చకూడదు. మిగిలినవాళ్లలో ఒకరికి ఇవ్వాలి."

జయప్రకాష్ పేపరు మడత విప్పాడు. లోగ్ క్యా బోలేంగే అన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆరు పాత సిగ్నల్ జెండాలు కలిపి కుట్టిన బట్ట అది, అతుకులు కనబడుతున్నాయి. దీపం కాస్త వంకరగా ఉంది. కింద మూడు పసుపు చుక్కలు, వాటి పక్కనే ఆకుపచ్చ చుక్క, మిగతావాటి కంటే ఒత్తుగా కుట్టుపడి ఉంది. అడవి నుంచి వచ్చాక తన చేతే కుట్టించాడని, పీకేద్దామనుకున్నా ఊడిరాకుండా కుట్టమన్నాడని అచ్చియమ్మ చెప్పింది. "ఆ కొస పట్టుకో బాబాయ్," అన్నాడు జయప్రకాష్. ఇద్దరూ కలిసి సూర్యం మీద కప్పారు.

పాడె లేచింది. జగన్నాథం ఇంటికి వెళ్లలేదు, బట్టలు మార్చుకోలేదు. అదే యూనిఫారంలో, భుజాన అదే సంచీతో, పాడె ముందు కొమ్ముకి భుజం పట్టాడు. అర్పా నది ఒడ్డుకి వెళ్లాలంటే యార్డు చివర లైను దాటే కాలిబాటే దగ్గరిదారి. రైల్వే వాళ్లందరూ ఎరిగిన దారే. అక్కడికి చేరేసరికి ఒక గూడ్సు బండి యార్డులోంచి కదిలి మెల్లగా ఇటే వస్తోంది. వీళ్లకి తొందరేముంది? బండి పోయాక దాటదామని లైను పక్కన పాడెతో నిలబడ్డారు.

అప్పుడే గాలి లేచింది. జెండా ఒక పక్క ఊడి, పాడె మీంచి లైను వైపు చాపుకుని రెపరెపలాడింది. సిగ్నల్ బట్ట ఎరుపు వేరు. చీరల దుకాణంలో వెయ్యి ఎరుపుల మధ్య పెట్టినా రైల్వే మనిషి దాన్ని పోల్చుకుంటాడు. లైను పక్కన అది విప్పి కనబడిందంటే, పట్టుకున్నది ఎవరు, ఎందుకు అని ఆలోచించకూడదు, బండి ఆపాలి. డ్రైవరుకి నేర్పే మొదటి పాఠం అది. బ్రేకులు కీచుమన్నాయి. నలభై వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, పాడెకి పాతిక గజాల దూరంలో బండి మొత్తం నిలిచిపోయింది.

మోస్తున్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎందుకాగిందో ఎవరికీ తెలీలేదు. జగన్నాథానికి తెలిసింది.

డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వంగాడు. పాతికేళ్లు దాటని ఛత్తీస్‌గఢీ యువకుడు. "క్యా హువా? లైన్ మే గడ్‌బడ్ హై క్యా?"

"గడ్‌బడ్ నహీఁ హై," జగన్నాథం అరిచి చెప్పాడు. "హమారా ఆద్మీ హై. కాంటావాలా సూర్యం."

డ్రైవరు పాడెనీ, ఎర్రబట్టనీ, గార్డు యూనిఫారాన్నీ మార్చి మార్చి చూశాడు. పొరపాటున ఆపానని అర్థమై ఉంటుంది. విసుక్కోలేదు. నెత్తి మీది టోపీ తీసి, "పహలే ఆప్ లోగ్ జాయియే," అని ముందు వాళ్లనే దాటమన్నట్టు చెయ్యి చూపించాడు.

బండి నిలబడి ఉండగా సూర్యం లైను దాటాడు. వెనకాల నడుస్తున్న జయప్రకాష్ ఏడుస్తూనే, "బాబాయ్, జెండా చూసి ఆగినాడు," అన్నాడు. పదిహేడేళ్ల కిందట అడవి అంచున సూర్యం నిలబడి చూస్తుండగా ఆగని బండి జగన్నాథం కళ్లముందు కదిలింది. ఆనాడు తను ఆపని బండిని ఈనాడు సూర్యమే ఆపుకున్నాడని ఆయనకి అనిపించింది. ఆ అనిపించడంలో ఎంత దుఃఖం ఉందో అంత ఊరటా ఉంది.

అవతలికి చేరాక రెండు చిన్న కూతలు వినబడ్డాయి. గార్డు సిగ్నల్ ఇవ్వమని అడగడం అది. ఎర్రజెండా చూసి ఆగినవాడు, పచ్చజెండా చూడనిదే ఎలా కదులుతాడు? జగన్నాథం భుజం ఇంకొకరికి అప్పగించి, సంచీలోంచి తన పచ్చజెండా తీశాడు. సమ్మె నాటి నుంచి ఎన్ని వేలసార్లు ఊపాడో, ఎప్పుడు ఊపినా ఏదో దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. ఇప్పుడు లైను పక్కన నిటారుగా నిలబడి, చెయ్యి పూర్తిగా చాపి చూపించాడు. బండి ఒక పొడుగు కూత వేసి కదిలింది. చివరి పెట్టె దాటేదాకా ఆయన చెయ్యి దించలేదు.

అర్పా ఒడ్డున చితి పేర్చారు. జయప్రకాష్ జెండా తీసి, నాలుగు మడతలు పెట్టి, "ఇంకెవరూ లేరు కదా బాబాయ్," అంటూ ఆయన చేతికిచ్చాడు. జగన్నాథం దాన్ని తన రెండు జెండాల పక్కన సంచీలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత దగ్గరివాళ్లంతా వరసగా వచ్చి, ఆనవాయితీ ప్రకారం పోయినవాడి నోటి దగ్గర పిడికెడు బియ్యం పోస్తున్నారు. పళ్లెం జగన్నాథం దాకా వచ్చింది.

ఆయన బియ్యం గుప్పెట నిండా తీసుకున్నాడు. వంగి, సూర్యం పెదాల మీద నెమ్మదిగా పోశాడు.

"తెచ్చానురా," అన్నాడు.